తోట కింది ఊరు: సెంట్రల్ పార్కులో నాలుగు రోజులు

ముప్పై ఏళ్లకు పైగా నీటిపారుదల శాఖలో పనిచేశాను. ఏ కొత్త చోటికి వెళ్లినా ముందు నేల వాలు ఎటు ఉందో, వాన నీళ్లు ఎటు పోతాయో చూడటం పదవీ విరమణతో పోని అలవాటు. పోయిన అక్టోబరులో న్యూజెర్సీలో అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, నాలుగు రోజులు న్యూయార్క్ సెంట్రల్ పార్కుకే అని ముందే రాసిపెట్టుకున్నాను.

“ఒక పూట చాలదా మామయ్యగారూ? అందరూ ఆ ఫౌంటెన్ దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు” అన్నాడు అల్లుడు.

843 ఎకరాల తోట అది. 4 కిలోమీటర్ల పొడవు, సుమారు 800 మీటర్ల వెడల్పు. అన్నిటికంటే నన్ను పట్టి లాగిన సంగతి వేరే ఉంది. ఆ తోటలోని చెరువులన్నీ తవ్వినవే, వాగుల్లోని నీళ్లు గొట్టాల్లో వచ్చినవే. చూసేవాళ్లకు మాత్రం ఆ నేల అనాదిగా అలాగే ఉన్నట్టు అనిపిస్తుంది. అంతటి పని ఎలా చేశారో కాళ్లతో నడిచి, కళ్లతో చూడాలన్నది నా కోరిక.

మొదటి రోజు

పెన్ స్టేషన్‌లో రైలు దిగి, సబ్‌వేలో 59వ వీధికి చేరేసరికి తొమ్మిదయింది. కొలంబస్ సర్కిల్ దగ్గరి ప్రవేశాన్ని మర్చంట్స్ గేట్ అంటారు, అంటే వర్తకుల ద్వారం. పార్కు ద్వారాలకు 1862లోనే పేర్లు ఖాయం చేశారు. చేతిపనివారు, నావికులు, రైతులు, గని పనివారు, కట్టెలు కొట్టేవారు, ఇంజనీర్లు, స్త్రీలు, బాలురు, బాలికలు, ఆఖరికి అపరిచితులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. రాజుల పేర్లు లేవు, దాతల పేర్లు లేవు. రిచర్డ్ మారిస్ హంట్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి విగ్రహాలతో, మెట్లతో ఆర్భాటమైన ద్వారాలకు నమూనాలు గీసిస్తే అవి ఈ తోటకు తగవని పక్కన పెట్టారు. ఈ మూలలో మాత్రం 1913లో ‘మెయిన్’ అనే అమెరికా యుద్ధనౌక స్మారకం ఎత్తుగా లేచింది. మిగతా చోట్ల ద్వారమంటే రాతి గోడలో వదిలిన దారి, అంతే. నాకు ఆ నిరాడంబరత ఎంతో నచ్చింది.

లోపలికి వెళ్లిన పది నిమిషాలకే అంపైర్ రాక్ వస్తుంది. నల్లగా మెరిసే పెద్ద బండ. పిల్లలు దాని మీద జారుతున్నారు. వంగి చేత్తో తడిమితే రాయి పొడవునా గాళ్లు తగులుతాయి. ఎవరూ చెక్కినవి కావు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా కప్పేసిన హిమానీనదం కదులుతూ, తన అడుగున ఉన్న రాళ్లతో ఈ బండను గీరుకుంటూ పోయింది. బండ వయసు 45 కోట్ల ఏళ్లంటారు. ఊళ్లోని ఆకాశహర్మ్యాలకు పునాది ఇచ్చిన రాతి జాతి ఇదే. పార్కులో మనిషి చేయి పడని వస్తువు ఏదైనా ఉందంటే అది ఇదే. పావుగంట సేపు ఆ బండ మీదే కూర్చుండిపోయాను.

ఇక తోట కథ. 1853 జూలైలో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ ఈ భూమిని పార్కు కోసం సేకరించడానికి చట్టం చేసింది. అప్పటికి ఊరు ద్వీపం దక్షిణ భాగంలోనే కిక్కిరిసి ఉంది. ఇటు వైపంతా రాతిగుట్టలు, బురద పల్లాలు, తోటలు, చిన్న చిన్న పల్లెలు. 1857లో నమూనాల పోటీ పెడితే 33 ప్రతిపాదనలు వచ్చాయి. 1858లో గెలిచింది 33వది. దాన్ని గీసినవాళ్లు ఇద్దరు. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అప్పటికే అక్కడ పొదలు నరికి నేల చదును చేసే పనికి పర్యవేక్షకుడు. అంతకుముందు వ్యవసాయం చేశాడు, పత్రికలకు రాశాడు. రెండోవాడు కాల్వర్ట్ వాక్స్, లండన్‌లో పుట్టిన వాస్తుశిల్పి. నేలను అడుగడుగునా ఎరిగినవాడు ఒకడు, గీత గీయడం తెలిసినవాడు ఒకడు. ఆ జత కుదరడమే ఈ తోట అదృష్టం.

వాళ్ల తెలివి ఎక్కడుందో 65వ వీధి సూటిలో చూశాను. ఒక దారి వెంట నడుస్తున్నాను. ఇరుపక్కలా పొదలు. ఎక్కడో కింద బస్సు చప్పుడు వినిపించింది. పొదలు తప్పించి చూస్తే అడుగున, రాతిగోడల మధ్య, తూర్పు నుంచి పడమటికి రోడ్డు. నేను నడుస్తున్నది వంతెన అని అప్పటిదాకా తెలియలేదు. పార్కును అడ్డంగా దాటే దారులు నాలుగు ఉండాలని పోటీ నిబంధన. ఓమ్‌స్టెడ్, వాక్స్ ఆ నాలుగింటినీ నేలమట్టం కిందికి దించేశారు. గుర్రపు బండ్ల కాలంలో, ఊరు ఇంకా ఇక్కడిదాకా రాకముందే, ఈ తోట చుట్టూ మహానగరం లేస్తుందని తలచి చేసిన పని అది. రోజంతా ఎన్ని వాహనాలు అడ్డంగా దాటుతున్నా పైన నడిచేవాడికి కనిపించవు. లోపలి రోడ్ల మీద కూడా 2018 నుంచి కార్లు పూర్తిగా మానేశాయి.

దాదాపు 20,000 మంది పనివాళ్లు ఇక్కడ చెమటోడ్చారు. మట్టి పని దాదాపు 30 లక్షల ఘనపు గజాలు. లెక్క విన్నప్పుడు నా చేతిలో కూలీల హాజరు రాసే మస్టర్ రోల్ ఉన్నట్టే అనిపించింది. యంత్రాలు లేవు. గునపం, పార, గుర్రపు బండి, బండలు పగలగొట్టడానికి తుపాకీ మందు. ఆ మందు అమెరికా అంతర్యుద్ధం నాటి గెట్టిస్‌బర్గ్ పోరులో ఇరుపక్షాలూ కాల్చినదానికంటే ఎక్కువని అక్కడ అందరూ చెబుతారు. బురద నేల ఆరడానికి జార్జ్ వేరింగ్ అనే ఇంజనీరు భూమి లోపల మట్టి గొట్టాలు పరిపించాడు. పైన పచ్చిక చూసి మెచ్చుకునేవాళ్లకు ఆ గొట్టాల సంగతి తెలియదు. నీరు దిగిపోయే దారి లేకపోతే ఆ పచ్చిక రెండు వానలకు కుళ్లిపోతుంది. వేరింగ్ పేరు మీద ఒక ద్వారం ఉండాల్సింది.

మధ్యాహ్నం ‘మాల్’ అనే బాట వెంట నడిచాను. అంతా వంకరటింకర దారులుండే ఈ పార్కులో నిటారుగా సాగేది ఇదొక్కటే అనవచ్చు. రెండు పక్కలా అమెరికన్ ఎల్మ్ చెట్లు పైన కలిసిపోయి ఆలయ మంటపంలా ఉంటాయి. ఆ జాతి చెట్లను అమెరికా అంతటా తెగులు తినేసింది. ఇక్కడివి మిగిలాయంటే కనిపెట్టుకుని చూస్తున్న మనుషులు ఉన్నారన్నమాట. బాట పక్కన కవుల విగ్రహాలు, అందరూ మగవాళ్లే. కల్పిత పాత్రలు కాని, నిజంగా బతికిన స్త్రీల విగ్రహం ఈ పార్కులోకి 2020లో గానీ రాలేదు. స్త్రీల హక్కుల కోసం పోరాడిన సోజర్నర్ ట్రూత్, సుసాన్ ఆంథోనీ, ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఒక బల్ల దగ్గర చేరి మాట్లాడుకుంటున్నట్టు మలిచారు. వాళ్ల చేతులు చూడండి. మాట మధ్యలో ఆగిన చేతులవి.

మాల్ చివర మెట్లు దిగితే బెథెస్డా టెర్రస్. దాని కింది నడవ పైకప్పుకు ఇంగ్లండ్‌లోని మింటన్ కంపెనీ పలకలు 15,000కు పైగా బిగించారు. పైనుంచి నీరు కారి అవి పాడైతే 1980ల్లో దించి దాచి, 2007లో మళ్లీ ఎక్కించారు. ముందున్న ఫౌంటెన్ మీది దేవదూతను ఎమ్మా స్టెబిన్స్ మలిచింది. 1873లో ఆవిష్కరించారు. న్యూయార్క్ నగరం ఒక స్త్రీకి అప్పగించిన మొదటి పెద్ద శిల్పం అది. దేవదూత దీవిస్తున్నది నీళ్లను. కారణం ఉంది. 1842కు ముందు ఈ ఊరి బావుల నీళ్లు తాగి జనం కలరాతో చనిపోయేవారు. ఆ ఏడాది క్రోటన్ నది నుంచి 41 మైళ్ల కాలువ తెచ్చారు. ఒక్క పంపు లేకుండా, మైలుకు 13 అంగుళాల వాలుతో, నీళ్లు తమంతట తామే నడిచి వచ్చాయి. మైలుకు 13 అంగుళాలంటే ఎంత సున్నితమైన వాలో కాలువ పని చేసినవాళ్లకే అర్థమవుతుంది. ఆ నీళ్లకు గుడి కట్టినట్టుగా ఉంది ఆ ఫౌంటెన్. చెయ్యెత్తి మొక్కాను.

1970ల్లో ఇదే ఫౌంటెన్ ఎండిపోయి, గోడల నిండా రంగుల రాతలతో, చీకటి పడితే జనం రావడానికి భయపడే చోటయింది. నగరం దగ్గర డబ్బు లేదు. 1980లో ఎలిజబెత్ బార్లో రోజర్స్ చొరవతో సెంట్రల్ పార్క్ కన్జర్వెన్సీ ఏర్పడి, విరాళాలు పోగేసి, ఒక్కో మైదానాన్ని ఒక్కో వంతెననూ తిరిగి లేపింది. ఎల్మ్ ఆకులు ఊడుస్తున్న పనివాళ్లను చాలాసేపు చూశాను. కట్టడం ఒక ఎత్తు, నిర్వహణ ఒక ఎత్తు. నిర్వహణకు శంకుస్థాపన ఉండదు, శిలాఫలకం ఉండదు.

రెండో రోజు

శనివారం. తొమ్మిదేళ్ల మనవరాలు, అమ్మాయి నాతో వచ్చారు. బయలుదేరేటప్పుడే సన్నగా తుంపర. పాప చేతిలో చిన్న నోటు పుస్తకం. ఎన్ని ద్వారాలు చూస్తే అన్ని పేర్లు రాయాలని తల్లి పెట్టిన పని.

షీప్ మెడో అంటే గొర్రెల బీడు. అందులో గొర్రెలేవని పాప మొదటి ప్రశ్న. నిజంగానే ఉండేవి. 1864 నుంచి 1934 వరకు ఇక్కడ మంద మేసేది. ఆ తర్వాత వాటిని బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కుకు తోలేశారు. గొర్రెల కొట్టం రెస్టారెంటు అయింది. దానికి దగ్గర్లోనే డెయిరీ అనే ముచ్చటైన చిన్న భవనం. పిల్లలకు కల్తీలేని పాలు దొరకాలని 1870 ప్రాంతంలో కట్టారు. అంతకుముందు నగరంలో సారా బట్టీల మడ్డి తాగించిన ఆవుల పాలతో పసిపిల్లలు పిట్టల్లా రాలిపోయారు. నీళ్లు, పాలు, గాలి. ఈ తోట విలాసం కోసం కట్టింది కాదని ఆ డెయిరీ ముందు నిలబడితే తెలుస్తుంది.

పక్కనే తిరిగే కొయ్యగుర్రాలు. 1871లో పెట్టిన మొదటి రాట్నాన్ని నేల కింద జంతువు గుండ్రంగా నడుస్తూ తిప్పేది. ఇప్పుడున్నది 1908లో చెక్కింది. పాతది కాలిపోతే కోనీ ఐలాండ్ నుంచి తెచ్చి 1951లో నిలబెట్టారు. గుర్రాలు 57. పాప రెండుసార్లు ఎక్కింది.

వాన పెరిగింది. గొడుగుల కింద బాల్టో విగ్రహం దాకా నడిచాం. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా సోకింది. మందు అందాలంటే రైలు ఆగిన చోటి నుంచి 674 మైళ్ల మంచు దారి. ఇరవై మంది బండివాళ్లు, వాళ్ల కుక్కలు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. చివరి అంచె లాగిన జట్టుకు ముందున్న కుక్క బాల్టో. ఆ ఏడాది డిసెంబరులో విగ్రహం ఆవిష్కరిస్తుంటే బాల్టో అక్కడే నిలబడి ఉందట. పిల్లలెక్కి ఎక్కి విగ్రహం వీపు బంగారంలా మెరుస్తోంది.

“మిగతా కుక్కలకు విగ్రహాల్లేవా తాతయ్యా?” అంది పాప.

అన్నిటికంటే ఎక్కువ దూరం లాగింది టోగో అనే కుక్క అని చెప్పాను. పాప ముఖం చిన్నబోయింది. అప్పుడు కింద ఫలకం చదివించాను. ఆ పరుగులో అంచెలంచెలుగా మందు మోసిన కుక్కలన్నిటి ధైర్యానికీ అంకితమని ఉంది అందులో. బాల్టో పేరు మీద కాదు. పాప వాన తుడుచుకుంటూ ఆ మాటలన్నీ పుస్తకంలో ఎక్కించుకుంది. చలి గాలి మొదలవడంతో ఇల్లు చేరాం.

మూడో రోజు

ఈ రోజు ఒంటరిగా వెళ్లాను, కావాలనే.

86వ వీధిలో సబ్‌వే దిగి, 85వ వీధి దగ్గర నావికుల ద్వారంలోంచి లోపలికి అడుగు పెట్టాను. ఎడమన పచ్చిక మిట్టలు, పెద్ద చెట్లు, ఒక ఆట స్థలం. ఎవరైనా కుక్కతో నడిచి వెళ్లిపోయే చోటు. 82 నుంచి 89వ వీధి దాకా ఉన్న ఈ నేల మీద ఒక ఊరుండేది. పేరు సెనెకా విలేజ్.

1825లో ఇక్కడి భూమిని యజమానులు ముక్కలు చేసి అమ్మారు. నల్లజాతివారికి చాలామంది భూమి అమ్మని ఆ కాలంలో ఇక్కడ అమ్మారు. బూట్లు పాలిష్ చేసుకుని బతికే పాతికేళ్ల ఆండ్రూ విలియమ్స్ మూడు స్థలాలు కొన్నాడు, 125 డాలర్లకు. ఎపిఫనీ డేవిస్ అనే మరొకాయన 578 డాలర్లకు పన్నెండు స్థలాలు. ఒక చర్చి ఆరు కొంది. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో. ఊరు పుట్టింది దానికి రెండేళ్ల ముందే. భూమికి ఇంకో విలువ కూడా ఉంది. 250 డాలర్ల ఆస్తి ఉంటేనే నల్లజాతి మగవాడికి ఓటు హక్కు. తెల్లవారికి ఆ షరతు లేదు. అంటే ఇక్కడ అంత విలువైన ఇల్లు, స్థలం ఉంటే నెత్తిన నీడతో పాటు ఓటు కూడా దక్కేది.

1855 నాటికి ఇక్కడ 225 మంది ఉన్నారు. మూడింట రెండు వంతులు నల్లజాతివారు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చినవారు. యాభైకి పైగా ఇళ్లు, మూడు చర్చిలు, ఒక బడి, శ్మశానాలు. కొంతమంది అప్పటికే ఒకసారి ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు. పక్కనే యార్క్ హిల్ అనే చోట నివసిస్తుంటే, క్రోటన్ నీళ్లకు జలాశయం కావాలని వాళ్లను లేపారు. వాళ్లు ఇక్కడికి చేరారు. వాళ్లను లేపింది, మొన్న నేను ఫౌంటెన్ దగ్గర చెయ్యెత్తి మొక్కిన ఆ నీళ్ల కోసమే.

బాట పక్కన ఫలకం మీద ఈ సంగతి చదివాక నాకు నడక ఆగిపోయింది. ఒక బల్ల మీద కూర్చున్నాను.

1980ల మొదట్లో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అప్పగించిన పని ముంపు గ్రామాల్లో ఇళ్ల లెక్క రాయడం. గోడ పొడవు, ఎత్తు, పెంకులా పూరిగుడిసా, దర్వాజాలెన్ని, బావి లోతెంత, పండ్ల చెట్లెన్ని. ఒక ముసలమ్మ నా వెంటే తిరుగుతూ, “నాయనా, వాకిట్లో ఈ వేపచెట్టు నేను నాటింది. ఇది కూడా రాసుకో” అంది. ఫారంలో మామిడికి, చింతకు, కొబ్బరికి గడులున్నాయి. వేపకు లేదు. రాయలేదు. రాయడానికి చోటు లేదని చెప్పాను. ఆ జలాశయం కింద ఇప్పుడు వేల ఎకరాలు పండుతున్నాయి, నేను ఆ అన్నమే తిన్నాను. ఆ రెండూ నిజాలే. నలభై ఏళ్లుగా నాలో పక్కపక్కనే ఉన్నాయి.

1853లో పార్కు చట్టం వచ్చిన రెండు వారాలకు, ఆగస్టు 4న, ఈ ఊళ్లో ఒక చర్చికి శంకుస్థాపన చేశారు. పునాదిలో ఒక పెట్టె పెట్టారు. అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, ఆ రోజుల పత్రికలు, ధర్మకర్తల పేర్లు. చట్టం సంగతి తెలియకనా, తెలిసి నమ్మకనా? లేదా తెలిసే, మా ఊరు ఇక్కడే ఉంటుందని చెప్పడానికా? ముంపు గ్రామాల్లో కూడా నోటీసులు వచ్చాక కొత్త ఇళ్లు కట్టినవాళ్లను చూశాను. అది మొండితనం కాదు. మనిషి తన నేలతో మాట్లాడే తీరు అది.

పత్రికలు వాళ్లను ఆక్రమణదారులని, చెప్పరాని పేర్లతోనూ రాశాయి. చేతిలో పత్రాలున్నవాళ్లను. ఆండ్రూ విలియమ్స్ తన ఇల్లు, స్థలాలకు 3,500 డాలర్లు అడిగితే 2,335 ఇచ్చారు. 1857కల్లా అందరూ ఖాళీ చేశారు. మొత్తం పార్కు నేల మీద ఇలా కదిలిపోయినవాళ్లు సుమారు 1,600 మంది. ఆ ఊరు మళ్లీ ఎక్కడా ఒక్క ఊరుగా కట్టుకోలేదు.

2011లో కొలంబియా విశ్వవిద్యాలయం, నగర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడ తవ్వితే విలియం గాడ్‌ఫ్రే విల్సన్ అనే చర్చి సేవకుడి ఇంటి పునాది బయటపడింది. ఇనుప టీ కెటిలు, చైనా పింగాణీ ముక్కలు, ఒక పసిబిడ్డ తోలు బూటు దొరికాయి. ఎవరి ఇల్లు ఎక్కడుందో వాళ్లకు ఎలా తెలిసిందంటే, 1856లో భూసేకరణ కోసం ఇంటింటినీ కొలిచి గీసిన పటం ఉంది కనుక. ఊరిని చెరపడానికి గీసిన కాగితమే ఊరికి సాక్ష్యంగా మిగిలింది. ఆ పటం గీసిన సర్వేయర్ గురించి చాలాసేపు ఆలోచించాను. అతని వెంట ఎవరైనా తిరిగారేమో, రాసుకోమని ఏదైనా అడిగారేమో.

2019 నుంచి ఇక్కడ బాట వెంట సమాచార ఫలకాలు పెట్టారు. ఒక్కోటీ నిలబడి చదివాను. ఫలకం తప్ప ఏమీ లేదు, గడ్డి మాత్రమే. 82వ వీధి దగ్గర సమ్మిట్ రాక్ ఎక్కాను, పార్కులో అన్నిటికంటే ఎత్తయిన సహజమైన రాయి. దాని కింద ఇంచుమించు దాక్కుని టానర్స్ స్ప్రింగ్ అనే ఊట ఉంది. గొట్టంతో పని లేకుండా నేలలోంచి వచ్చే నీరు. ఊరివాళ్ల దాహం తీర్చింది ఇదేనంటారు. రాళ్ల మధ్య కాస్త తడి, పైన నీళ్లు తాగుతున్న పిచ్చుక. ఈ మొత్తం పార్కులో నాకు అన్నిటికంటే ప్రియమైన చోటు అదే.

అక్కడినుంచి తూర్పుకు నడిచాను. యార్క్ హిల్ వాళ్లను లేపి కట్టిన పాత జలాశయాన్ని 1930ల్లో ఎండగట్టి పూడ్చారు. అదే ఇప్పటి గ్రేట్ లాన్. పూడ్చే పని ఆగిన రోజుల్లో, మహా మాంద్యంలో ఇళ్లు పోయినవాళ్లు ఆ గుంటలోనే గుడిసెలు వేసుకున్నారు. ఆ ఒక్క నేల మీదే ఎంతమంది ఇళ్లు కట్టి విప్పుకున్నారో. ఇప్పుడు పిల్లలు బంతి ఆడుతున్నారు. బెల్వెడేర్ కోట పైనుంచి అదంతా కనిపిస్తుంది. ఈ ఊరి వాతావరణ వివరాలు నూరేళ్లుగా ఇక్కడి నుంచే నమోదవుతున్నాయి. మెట్రోపాలిటన్ మ్యూజియం వెనక ఈజిప్టు స్తంభం కూడా చూశాను. మూడో థుట్‌మోస్ చక్రవర్తి కాలంది, 3,400 ఏళ్లకు పైబడిన రాయి. హడ్సన్ ఒడ్డు నుంచి ఇక్కడికి లాగడానికే 112 రోజులు పట్టిందట. 1881లో నిలబెట్టారు.

సాయంత్రం పెద్ద జలాశయం కట్ట మీద నడిచాను. 1862లో కట్టింది. 106 ఎకరాల నీరు, వంద కోట్ల గ్యాలన్లకు పైన. 1993లో తాగునీటి వ్యవస్థ నుంచి తప్పించి, మరుసటి ఏడాది మాజీ ప్రథమ మహిళ జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్ పేరు పెట్టారు. కట్ట అంటే నాకు ఇంటి అరుగు లాంటిది. గేట్ హౌస్ రాతి పని, తీగల కంచె, అవతలి గట్టున పసుపు ఎరుపు చెట్లు, నీటిలో వాటి నీడలు. అంత అందమూ చూశాను. పొద్దున చూసిన గడ్డి కూడా కళ్ల ముందే ఉంది.

బయటికి వచ్చేది 90వ వీధి దగ్గర. గోడ మీద చెక్కిన పేరు చదివాను. ఇంజనీర్స్ గేట్. ఇంజనీర్ల ద్వారం. దాని ముందు కొంచెంసేపు నిలబడి, తర్వాత దాటాను.

నాలుగో రోజు

“మూడు రోజులుగా నన్ను వదిలేసి తిరుగుతున్నారు, ఇవాళ నేనూ వస్తాను” అంది మా ఆవిడ. మంచిదయింది. ఉత్తరం వైపు తోట ఆమె కళ్లతో చూడాల్సినది.

105వ వీధి దగ్గర వాండర్‌బిల్ట్ ఇనుప ద్వారం దాటితే కన్జర్వేటరీ గార్డెన్, ఆరు ఎకరాలు, 1937లో తెరిచారు. పార్కు మొత్తంలో కొలతలు వేసి తీర్చిన పూలతోట ఇదొక్కటే. ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ పద్ధతుల్లో మూడు భాగాలు. చామంతులు విరగబూసి ఉన్నాయి. ఆమె ఒక్కో మడి దగ్గర ఆగి రంగులు లెక్కపెట్టింది. “ఇన్ని చామంతుల్లో ఒక్కటి కూడా కోయకూడదు కదండీ” అని నిట్టూర్చింది.

అక్కడి నుంచి హార్లెమ్ మియర్, 11 ఎకరాల చెరువు. దాని దక్షిణపు గట్టున 1966లో ఒక స్కేటింగ్ రింకు, ఈతకొలను కట్టారు. ఆ కట్టడం చెరువులోకి వచ్చే వాగుకు సరిగ్గా అడ్డం పడి, నీళ్లు గొట్టంలో దూరి చెరువు చేరేవి. దాదాపు అరవై ఏళ్లు అలాగే గడిచింది. దాన్ని పూర్తిగా తీసేసి, కొత్త భవనాన్ని గట్టులోకి దూర్చి కట్టి, వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు. డేవిస్ సెంటర్ పేరుతో 2025 ఏప్రిల్‌లో తెరిచారు. నీళ్లు రాళ్ల మీంచి దూకుతూ చెరువులో కలుస్తుంటే చూసి నాకు కలిగిన సంతోషం చెప్పలేను. వాగును గొట్టంలోంచి విడిపించడం నా ఉద్యోగ జీవితంలో ఒక్కసారి కూడా చూడలేదు.

వాగు వెంట పైకి నడిస్తే హడిల్‌స్టోన్ ఆర్చ్. సున్నం లేదు, గచ్చు లేదు. బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి బరువుతోనే వాటిని నిలబెట్టారు. ఒక్క రాయే వంద టన్నులంటారు. పైన రోడ్డు, కింద వాగు, మేము. రాయి అడుగున చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. దాటితే అడవే. నగరం చప్పుడు ఆగిపోతుంది. చిన్న జలపాతాలు, పడిపోయిన దుంగలు, వలస పోతున్న పిట్టలు. జలపాతాలకు నీరు నిన్నటి జలాశయం నుంచి గొట్టంలో వస్తుందని చెప్పాను. “అయితేనేమండీ, పిట్టలు తాగుతున్నాయిగా” అంది ఆమె.

గుట్ట మీద 1814 నాటి బ్లాక్‌హౌస్ ఉంది, బ్రిటిషువాళ్లు దండెత్తి వస్తారని హడావుడిగా కట్టిన చిన్న కోట. పైకప్పు లేదు, గోడలు మిగిలాయి. లోపలికి వెళ్లనివ్వరు.

గ్రేట్ హిల్ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. తర్వాత పడమటి మెట్లు దిగాం. 106వ వీధి. గోడ మీది పేరు మా ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. స్ట్రేంజర్స్ గేట్. అపరిచితుల ద్వారం.

తిరుగు రైలులో పాప నోటు పుస్తకం తీశాను, మిగిలిన ద్వారాల పేర్లు రాయమని నాకిచ్చింది. చూసినవి వరుసగా రాశాను. తర్వాతి పేజీలో ఆండ్రూ విలియమ్స్, ఎపిఫనీ డేవిస్, విలియం గాడ్‌ఫ్రే విల్సన్ అని రాసి, ఒక్కొక్కరి ఎదురుగా నాకు తెలిసినది ఒక ముక్క. ఒక గీత ఖాళీ మిగిలింది. అందులో వేపచెట్టు, ఒకటి, వాకిలి ముందర అని రాసి పుస్తకం మూశాను.